పేరు అడిగితే గొంతెందుకు తగ్గాలె?

సర్వేకో, బడిల అడ్మిషన్‌కో ఎవరన్న కాయితం పట్టుకొని కులమేందని అడిగితే కొందరు ఠక్కున చెప్తరు. కొందరు అటిటు చూసి, గొంతు తగ్గించి చెప్తరు. గా గొంతు ఎందుకు తగ్గుతది? వందేండ్ల కింద మన హైదరాబాద్‌ల ఒకాయన గీ ఒక్క సవాలు మీదనే బతుకంత పెట్టిండు. ఆయనే భాగ్యరెడ్డివర్మ. మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దిక్కు ఆదిహిందూ భవన్ పేరు విన్నోళ్లకు ఆయన తెలుసు. పేరు విననోళ్లే ఎక్కువ, అదే బాధ.

1888 మే 22న హైదరాబాద్‌ల మాల కుటుంబంల పుట్టిండు. ఇంట్ల పెట్టిన పేరు మాదరి భాగయ్య. రెడ్డి అంటే రేడు, ఏలినోడు, ఒకప్పుడు ఈ నేలను ఏలింది మీ పెద్దలేనని చెప్పి ఇంటి గురువు ఆ పేరుకు రెడ్డి కలిపిండు. 1913ల ఆర్యసమాజమోళ్లు వర్మ అని బిరుదిచ్చిన్రు. బారిస్టర్ ఇంట్ల పనికి కుదిరి సదువు నేర్చుకున్న పిలగాడు గట్ల భాగ్యరెడ్డివర్మ అయిండు.

తన ఒక్కని పేరు మారితే ఏమొస్తది? వాడకట్టుకు పోతే పాత పిలుపే ఉండె. అందుకే 1906ల జగన్ మిత్ర మండలి పెట్టి, హరికథలతోని బస్తీలు తిరిగిండు. 1911ల దాన్నే మన్య సంఘం చేసిండు. దేవుని పేరు మీద ఆడపిల్లల్ని జోగినులు చేసుడు, కల్లు సారా, జంతుబలి బంద్ కావాలని కొట్లాడిండు. ఇసామియా బజార్ల, లింగంపల్లిల బళ్లు తెరిచిండు. ఉర్దూ నడిచే రాజ్యంల మన పిల్లలకు తెలుగుల సదువు చెప్పించిండు.

1917ల బెజవాడల పంచమ మహాజన సభ పెట్టి ఈయన్ని అధ్యక్షునిగ పిలిచిన్రు. పోయి, సభ పేరే తప్పన్నడు. పంచమలనే మాట ఏ పురాణంల లేదు, మేం ఐదోవాళ్లం కాదు, ఈ నేలకు మొదటివాళ్లమని వాదించిండు. ఆ సభ ఆది ఆంధ్ర సభ అయింది. 1922ల మద్రాసు సర్కారు సుత తన కాయితాలల్ల ఆది ఆంధ్ర అని రాసుడు మొదలువెట్టింది. నిజాం రాజ్యంల ఆదిహిందువులమని ఆయన పట్టువట్టిండు. 1931 జనాభా లెక్కలల్ల ఆ పేరు ఎక్కింది.

పేరు మారితే కడుపు నిండుతదా అని అడగొచ్చు. నిండదు. వెట్టి పోలే, బావి కాడ అంటు పోలే. ఆది అన్న మాట కింద మాల, మాదిగల నడుమ దూరం సుత మాయం కాలే. అది ఒప్పుకోవాలె. అయితే ఒక సంగతి ఉంది. మనిషి తనను తాను ఎట్ల చూసుకుంటడన్నది చానావరకు ఊరు పిలిచే పిలుపును బట్టే ఉంటది. రోజూ తక్కువ చేసి పిలిస్తే, పిలిచెటోడు లేనప్పుడు సుత ఆ పిలుపు లోపల మోగుతనే ఉంటది. భాగ్యరెడ్డివర్మ ముందుగాల దాన్ని ఆపిండు. రెడ్డి గురువు ఇచ్చిండు, వర్మ సమాజం ఇచ్చింది. ఆది అన్న మాట మాత్రం ఎవలిచ్చింది కాదు, మందితోని కలిసి దక్కించుకున్నది. గందుకే బడి, సభ, సర్కారు లెక్క మూడింటినీ ఒక్కతాన కలిపిండు.

1939 ఫిబ్రవరి 18న పోయిండు, యాభై ఒకటో ఏడు నిండకనే. ఇగ ఇప్పుడు మన ఇంటికొచ్చి ఎవరన్న కాయితం ముందు పెడితే, జర ఆయన్ని యాది చేసుకొని గొంతు తగ్గకుంట చెప్దాం. మనల్ని చూసే పిల్లలు నేర్చుకుంటరు.