హజ్రత్ హాజిరా (అలైహస్సలాం): ఎడారిలో వెలసిన ఊరు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల వారికి వలస కొత్త మాట కాదు. 2016 అక్టోబరులో ఈ మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకు ముందు, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాగా ఉన్న రోజుల్లోనే పాలమూరు కూలీలు హైదరాబాద్, ముంబయి, పుణె నగరాలకు మట్టి పనికీ, కట్టడాల పనికీ తరలి వెళ్లేవారు. నేడు చదువు కోసం, ఉద్యోగం కోసం, వ్యాపారం కోసం ఆలుబిడ్డలతో ఊరు మారేవారూ ఉన్నారు. బయలుదేరే ముందు మనం ఏమడుగుతాం? కూలి ఎంత, అద్దె ఎంత, నీళ్లు వస్తాయా అని అడుగుతాం. అడగవలసినవే. కాని మన పిల్లలు ఎవరి మధ్య పెరగబోతున్నారన్న ప్రశ్న మాత్రం సామాను దించిన తర్వాత గాని గుర్తుకు రాదు. ఈ విషయంలో మనకు దారి చూపే జీవితం హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) గారిది.

ఆమె ఈజిప్టుకు చెందినవారని చరిత్రకారులు రాశారు. దైవప్రవక్త హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) గారి సతీమణి. పాలు తాగే పసివాడైన ఇస్మాయీల్ (అలైహిస్సలాం)తో పాటు ఆమెను ఇబ్రాహీం గారు మక్కా లోయకు తీసుకువచ్చారు. అప్పుడక్కడ మనుషులు లేరు, నీళ్లు లేవు, పైరు లేదు. ఒక సంచిలో ఖర్జూరాలు, ఒక తిత్తిలో నీళ్లు ఉంచి ఆయన వెనుదిరిగారు. ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని ఆమె అడిగి తెలుసుకున్నారు. అవునన్న జవాబు విన్నాక, అల్లాహ్ తమను వదిలివేయడన్న నమ్మకంతో తిరిగి వచ్చి బిడ్డ పక్కన కూర్చున్నారు.

భార్యాబిడ్డల కంటికి కనిపించనంత దూరం వెళ్లాక ఇబ్రాహీం గారు చేతులెత్తి చేసిన దుఆ దివ్య ఖుర్ఆన్‌లోని ఇబ్రాహీం సూరాలో ఉంది. అందులోని వరుసను గమనించండి. తన సంతానం నమాజ్ నెలకొల్పాలన్నది మొదటి మాట. ప్రజల హృదయాలు వారి వైపు మొగ్గాలన్నది రెండవది. వారికి పండ్లు ఆహారంగా లభించాలన్నది ఆ తర్వాతిది. మొదట ఆరాధన, తర్వాత మనుషులు, ఆపైన ఉపాధి. మనం ఇల్లు వెతికేటప్పుడు ఈ వరుసను తలకిందులు చేయడం లేదా?

తిత్తిలో నీళ్లు అయిపోయాయి. బిడ్డ దాహంతో తల్లడిల్లుతుంటే ఆ తల్లి సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు తిరిగారు. అల్లాహ్ జమ్‌జమ్ నీటిని ప్రసాదించాడు. ఆమె చేతులతో ఆ నీటి చుట్టూ కట్ట వేశారు.

కొంతకాలానికి జుర్హుమ్ తెగవారు ఆ దారిన వచ్చి మక్కా దిగువన ఆగారు. ఆకాశంలో పక్షి తిరగడం చూసి, నీళ్లున్నాయని గ్రహించి మనుషుల్ని పంపారు. ఆ తర్వాత అక్కడ నివసించేందుకు అనుమతి కోరారు. బలవంతంగా దిగలేదు. హాజిరా గారు సరేనన్నారు. అయితే నీటిపై వారికి హక్కు ఉండదని ముందే చెప్పారు. వారు ఒప్పుకున్నారు. మనుషుల తోడు కోరుకున్న ఆమెకు వారి రాక సంతోషాన్నిచ్చిందని బుఖారీ గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. వారు తమ కుటుంబాలను కూడా పిలిపించుకున్నారు. అలా ఊరు వెలసింది.

ఇస్మాయీల్ (అలైహిస్సలాం) వారి మధ్యే పెరిగారు. వారి దగ్గరే అరబీ భాష నేర్చుకున్నారు. వారికి ప్రియమైనవారయ్యారు. వారి ఆడపడుచునే వివాహమాడారు. ఆ తర్వాత హాజిరా గారు కన్నుమూశారు. తదనంతరం తండ్రీకొడుకులు అక్కడే కాబా గృహాన్ని నిర్మించారు. ఆ తల్లి పరుగును నేటికీ హజ్, ఉమ్రా చేసేవారంతా అనుసరిస్తున్నారు.

మేస్త్రీ చూపిన గుడిసెలో, దొరికిన అద్దె గదిలో దిగక తప్పనివారికి ఎంచుకునే వీలెక్కడిదని కొందరు అడగవచ్చు. హాజిరా గారు కూడా ఆ లోయను తాను ఎంచుకోలేదు. దైవాజ్ఞకు తల వంచి అక్కడ ఉండిపోయారు. ఆమె చేతిలో ఉన్న నిర్ణయం ఒక్కటే: ఎవరిని ఇరుగుపొరుగుగా అంగీకరించాలి, ఏ షరతు మీద అంగీకరించాలి. అనుమతి అడిగే మర్యాద, మాట మీద నిలబడే గుణం ఉన్నవారిని ఆమె అంగీకరించారు. వారు ఆమెకు బంధువులు కారు. అయినా ఆమె కుమారుని భాష, పెళ్లి, సంసారం అన్నీ ఆ పొరుగు నుంచే వచ్చాయి.

కనుక ఊరు మారేటప్పుడు మస్జిద్ ఎంత దూరం, పిల్లలు ఖుర్ఆన్ చదువుకునే ఏర్పాటు ఉందా, బడి ఎలాంటిది, గల్లీలోని వారి నడవడి ఎలాంటిది అని ముందే విచారించుదాం. అద్దె, నీళ్ల సంగతి మొదటి రోజే విడమరచి మాట్లాడుకుందాం. పొరుగువారు ఏ మతస్థులైనా వారి హక్కులు నెరవేరుద్దాం. మన గల్లీకి కొత్త కుటుంబం వస్తే, ఒకనాడు మనమూ అలాగే వచ్చామని గుర్తు చేసుకుని ఓ కడవ నీళ్లతో ఎదురేగుదాం.

మనం దిగిన ప్రతి చోటా మన సంతానాన్ని నమాజ్ నెలకొల్పేవారిగా, పొరుగువారికి ప్రియమైనవారిగా అల్లాహ్ తీర్చిదిద్దుగాక! ఆమీన్.