బాబాసాహెబ్ చిన్న చిన్న సంతోషాలు



ప్రతి ఏటా ఏప్రిల్ 14న మన హాస్టళ్ళలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ జయంతి జరుపుకుంటాం. ఫోటోకు పూలదండ వేస్తాం. ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞలు చదవని వాళ్ళు కొబ్బరికాయ కూడా కొడతారు. తరువాత ఉపన్యాసాలు. వక్తలందరూ ఆయన పడిన కష్టాలే చెబుతారు. బడిలో గోనెపట్టా మీద కూర్చోబెట్టడం, కుండ ముట్టుకోనివ్వకపోవడం, బరోడాలో ఉండడానికి గది దొరక్కపోవడం. అవన్నీ నిజాలే, చెప్పుకోవలసినవే. కానీ విని విని మాకొక సందేహం వచ్చింది. ఇన్ని బాధలు పడిన మనిషికి సంతోషాలంటూ ఏమైనా ఉండేవా? ఆయన ఎప్పుడైనా హాయిగా నవ్వుకున్నారా? పీజీలో చేరాక లైబ్రరీలో ఆయన జీవిత చరిత్రలు, ఆయన స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలు, దగ్గర పనిచేసినవాళ్ళు రాసినవి దొరికినంతవరకు చదివాం. సంతోషాలు ఉన్నాయి. అవి చాలావరకు మనకు తెలిసిన సంతోషాలే కావడం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది.

భీమ్‌రావ్ 1891లో మౌ కంటోన్మెంటులో రాంజీ సక్పాల్, భీమాబాయి దంపతులకు పద్నాలుగో సంతానంగా పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి పోయింది. మేనత్త మీరాబాయి పెంచింది. అందరూ అనుకున్నట్టు పుట్టుకతోనే పుస్తకాల పురుగు కాదు, ఆటలంటే పిచ్చి. బొంబాయి పారిపోయి మిల్లులో పనిచేద్దామని అత్త నిద్రపోతుండగా ఆమె చిన్నసంచి కోసం వరుసగా రాత్రులు ప్రయత్నించాడు. చివరికి దొరికిన సంచిలో ఉన్నది అర్ధణా! ఆ అర్ధణా చూసి సిగ్గుపడి, ఇక చదువుకుంటేనే బాగుపడతానని అనుకున్నాడట. ఆ సంచిలో అయిదు రూపాయలు ఉండి ఉంటే మన దేశ చరిత్ర ఏమయ్యేదో!

ఆ బాల్యంలో ఒక పెద్ద సంతోషం 1901లో వచ్చింది. తండ్రి గోరేగావ్‌లో క్యాషియరుగా పనిచేస్తూ వేసవి సెలవులకు రమ్మని పిల్లలకు ఉత్తరం రాశాడు. భీమ్, అన్న, అక్క కొడుకులు బయలుదేరారు. అందరికీ కొత్త చొక్కాలు, తళుకుల టోపీలు, కొత్త చెప్పులు, పట్టు అంచు ధోవతులు కుట్టించి కొనిచ్చారు. ఎవరూ అంతకుముందు రైలెక్కలేదు. దసరా సెలవులకు ఇంటికి పోయే ముందు రాత్రి మన హాస్టల్లో ఎవరికైనా నిద్రపడుతుందా? ఆ పిల్లల సంగతీ అంతే. మసూర్ స్టేషన్‌లో దిగారు. తండ్రికి ఉత్తరం అందక మనిషి రాలేదు. బట్టలు చూసి బ్రాహ్మణ పిల్లలనుకుని స్టేషన్ మాస్టరు దయగా పలకరించాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్ళెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. దారిలో తినడానికి వెంట తిండి ఉంది, తాగడానికి నీళ్ళు ఎవరూ పోయలేదు. కొత్త బట్టల్లోనే ఆ రాత్రి ఆకలితో పడుకున్నారు.

ఈ సంఘటన ఉపన్యాసాల్లో నీళ్ళ దగ్గర మొదలవుతుంది. ఆయన రాసుకున్న దాంట్లో మాత్రం టోపీల దగ్గర, రైలు దగ్గర మొదలవుతుంది. అన్నేళ్ళ తరువాత కూడా ఆ ధోవతి అంచు పట్టుదని ఆయన మరిచిపోలేదు. దెబ్బ ఎంత లోతుగా తగిలిందో ఆ ఒక్కమాటలో మాకు అర్థమైంది. ఏమీ ఆశించకుండా పోయినవాడికి అంత దెబ్బ తగలదు.

1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువులోకి దిగి దోసిలితో నీళ్ళు తాగినప్పుడు ఆయన వెనుక వేలమంది ఉన్నారు. చెరువు నీళ్ళు తాగినంత మాత్రాన ప్రాణాలు నిలుస్తాయని కాదు, అందరితో సమానంగా తాగాలని. ఆ హక్కు కోర్టులో నిలబడడానికి పదేళ్ళు పట్టింది, 1937లో బొంబాయి హైకోర్టు తీర్పుతో ముగిసింది. అదే 1927 డిసెంబరులో మహాడ్‌లో ఆడవాళ్ళతో ప్రత్యేకంగా మాట్లాడి, శుభ్రమైన బట్ట పొందికగా కట్టుకోమని, కులాన్ని చాటే కట్టు విడిచిపెట్టమని చెప్పారు. మరునాటికే చాలామంది చీరకట్టు మార్చారు. ఆయన సూటూ బూటూ చూసి ఎగతాళి చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తరతరాలుగా మంచిబట్ట కట్టనివ్వని కులంలో పుట్టినవాడు ఇస్త్రీ మడత నలగకుండా కోటు వేసుకుంటే అది ఆడంబరం అని మేము అనుకోవడం లేదు.

పుస్తకాల సంగతికి వద్దాం. బొంబాయి పరేల్‌లో కార్మికుల చాల్‌లో కుటుంబమంతటికీ ఒకే గది. వంట, కట్టెలు, పొగ అన్నీ అందులోనే. తలదగ్గర తిరగలి, కాళ్ళదగ్గర మేక. సందడి తగ్గాక చదువుకోవాలని రాంజీ కొడుకును ముందుగా పడుకోబెట్టి, తెల్లవారుజామున రెండింటికి లేపేవాడు. కొడుకు పుస్తకం కావాలంటే పెళ్ళిళ్ళయిన కూతుళ్ళ దగ్గరకు పోయి అప్పడిగేవాడు, లేకపోతే వాళ్ళ నగ తెచ్చి కుదువబెట్టి, పింఛను రాగానే విడిపించి ఇచ్చేవాడు. నలభైమంది పడుకునే హాలు బయట వరండా లైటు కింద చదివి పరీక్షలు రాసినవాళ్ళం, మేము ఆ గదిని సులభంగానే ఊహించుకోగలిగాం. ఆ తండ్రిని తలుచుకుంటేనే ఎక్కువ కదిలిపోయాం. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఫీజు కట్టాల్సిన నెలలో మా అమ్మల చెవులు ఎందుకు బోసిగా ఉండేవో అప్పట్లో అడగలేదు.

సాయంత్రాలు భీమ్‌రావ్ చర్నీరోడ్ తోటలో కూర్చుని చదువుకునేవాడు. కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు అక్కడ ఆ కుర్రవాణ్ణి గమనించి పుస్తకాలిచ్చేవారు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు జరిగిన అభినందన సభలో తాను మరాఠీలో రాసిన బుద్ధుని చరిత్రను బహుమతిగా ఇచ్చారు. ఆ కానుక విలువ ఎంతో తెలియడానికి 49 ఏళ్ళు పట్టింది.

1913లో బరోడా మహారాజు సహాయంతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. మొదట్లో కొన్నాళ్ళు స్నేహితులతో సరదాగా తిరిగారట. 22 ఏళ్ళ వయసులో మొదటిసారి, ఎవరి పక్కన కూర్చున్నా ఎవరూ లేచిపోని ఊళ్ళో ఉంటే ఎవరైనా తిరుగుతారు. అక్కడే నావల్ భతేనా అనే పార్శీ యువకుడు జీవితాంతపు స్నేహితుడయ్యాడు. తరువాత చదువులో మునిగిపోయారు. తిండి తగ్గించుకుని, పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి సుమారు రెండువేల పుస్తకాలు కొన్నారు. వాటిలో చాలా భాగం స్వదేశం చేరకుండానే పోయాయి. 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. పొద్దుటి నుంచి బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో చదివి, రాత్రి గదికి వచ్చాక పదిగంటలకు ఆకలి నకనకలాడేది. తెలిసినాయన ఒకరిచ్చిన అప్పడాల కట్ట ఉండేది. రేకు మీద నాలుగు కాల్చుకుని, కప్పు పాలతో తిని, మళ్ళీ పుస్తకం తీసేవారు. లండన్ చదువు గురించి ఎన్ని గొప్పలు విన్నా, మాకు గుర్తుండిపోయింది ఆ కాలిన అప్పడాల వాసనే. పరీక్షలప్పుడు అర్ధరాత్రి మరమరాలు పంచుకున్న మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.

1923లో డి.ఎస్సీ. పట్టా, బారిస్టరు చదువు ముగించుకుని తిరిగొచ్చారు. 1924లో బహిష్కృత హితకారిణీ సభ స్థాపించారు. ఆ సభ మొదట చేసిన పనుల్లో ఒకటి, 1925 జనవరిలో సోలాపూర్‌లో హాస్టలు తెరవడం. పిల్లలకు భోజనంతో పాటు బట్టలు, రాసుకునే సామగ్రి కూడా ఇచ్చారు. అక్కడి విద్యార్థులు సరస్వతీ విలాస్ అనే మాసపత్రిక నడిపారు. అంటే మన ఈ వార్షికోత్సవ సంచికకు అన్నయ్య అన్నమాట. అదే సభ బొంబాయిలో ఉచిత పఠనాలయం, కుర్రవాళ్ళకు హాకీ క్లబ్బు కూడా పెట్టింది. అణగారిన పిల్లలకు అన్నం, అక్షరం చాలునని ఆయన అనుకోలేదు. ఆట కూడా కావాలన్నారు. గ్రౌండులో ఆడుతుంటే చదువుకోకుండా ఆటలేంటిరా అని కసిరే పెద్దలు ఇది గమనించాలి.

ఆయన ఇంట్లో మాత్రం సుఖం తక్కువ. రమాబాయికి పుట్టిన పిల్లల్లో నలుగురు చిన్నప్పుడే చనిపోయారు, యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. ఆఖరివాడు రాజరత్న 1926లో పోయినప్పుడు బతుకులో రుచి పోయిందని స్నేహితుడికి ఉత్తరం రాశారు. దాని గురించి ఇంతకంటే రాయడం మావల్ల కాదు.

1930ల మొదట్లో దాదర్‌లో రాజగృహ కట్టుకున్నారు. ఒకే గదిలో తిరగలి పక్కన చదివిన మనిషి, వేల పుస్తకాలకు చోటు ఉండేలా ఇల్లు కట్టించుకున్నారు. సంతోషమంటే మాకు మొదట గుర్తొచ్చేది ఆ ఇంటికి ఆయన అల్మారాలు కొలిపించుకుంటున్న దృశ్యమే. కానీ రమాబాయి ఆ ఇంట్లో ఎక్కువకాలం ఉండలేదు, 1935 మే 27న కన్నుమూశారు.

ఢిల్లీ రోజుల్లో దగ్గరున్నవాళ్ళు రాసినవి చదివితే ఇంకో మనిషి కనిపిస్తాడు. మంచి ఫౌంటెన్ పెన్నులంటే మోజు. తోటపని అంటే ఇష్టం. కుక్కల్ని పెంచేవారు. ఒకరోజు తానే వంటకు దిగి, గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు వడ్డించారట. రాజ్యాంగ రచనా సంఘం అధ్యక్షుడి చేతివంట తిన్న ఆ అదృష్టవంతులు ఉప్పు ఎక్కువైందని చెప్పి ఉంటారా! వయసు పైబడి, మధుమేహంతో కాళ్ళు లాగుతున్నా వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. గొప్పగా వాయించారని ఎవరూ రాయలేదు. ఆయన గొప్పగా చేయని పని ఒకటైనా ఉన్నందుకు మాకు ఆనందం వేసింది.

ఉద్యోగాలు చేసుకునే బీదపిల్లలు చదువుకోవడానికి వీలుగా 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టి, పొద్దున్నే తరగతులు నడిపించారు. అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాదులో 1950లో కాలేజీ ప్రారంభించారు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953 జనవరి 12న గౌరవ డాక్టరేటు ఇచ్చింది. చేతిలో ఎన్నో పట్టాలున్నా మన గడ్డ మీద అందుకున్నది ఇదొకటి.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది జనంతో కలిసి బౌద్ధం స్వీకరించారు. అప్పటికే ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. డిసెంబరు 5 రాత్రి ఢిల్లీ అలీపూర్ రోడ్డు ఇంట్లో ఆయన వ్యక్తిగత కార్యదర్శి నానక్‌చంద్ రత్తూ కాళ్ళు పట్టి, తలకు నూనె రాశాడు. బుద్ధ వందన రికార్డు పెట్టించుకుని, కళ్ళు మూసుకుని తానూ గొంతు కలిపారు. అల్మారాల్లోంచి కొన్ని పుస్తకాలు తీసిచ్చి పడకగదిలో పెట్టమన్నారు. కొంచెం అన్నం తిన్నారు. కబీరు పాట ఒకటి కూనిరాగం తీస్తూ చేతికర్ర సాయంతో పడకగదికి వెళ్ళారు. రత్తూ సెలవు తీసుకుని గేటుదాకా వెళ్ళాక వెనక్కి పిలిపించి, బుద్ధుడి మీద తాను రాసిన పుస్తకానికి టైపు చేయించిన ముందుమాట, పరిచయం కాగితాలు మంచం పక్కన బల్లమీద పెట్టించుకున్నారు, పడుకునేముందు మరోసారి దిద్దుకోవడానికి.

తెల్లవారి చూసేసరికి ఆయన లేరు. ఆ పుస్తకం 1957లో, ఆయన పెట్టిన సిద్ధార్థ కాలేజీ ప్రచురణగా వచ్చింది.