అబ్రహాం డిమోయర్

అబ్రహాం డిమోయర్ (మే 26, 1667 - నవంబర్ 27, 1754) ఫ్రాన్సులో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన సుప్రసిద్ధ గణిత శాస్త్రజ్ఞుడు. సంకీర్ణ సంఖ్యల పాఠంలోని డిమోయర్ సిద్ధాంతం ద్వారా ఇంటర్మీడియట్‌లో గణితం చదివిన వారికి ఈయన పేరు సుపరిచితమే. సంభావ్యతా శాస్త్రానికి పునాదులు వేసిన వారిలో ఈయన ఒకడు.

జీవితం

ఈయన విట్రీ పట్టణంలో ప్రొటెస్టెంటు కుటుంబంలో జన్మించాడు. ప్రొటెస్టెంట్లకు రక్షణగా ఉన్న నాంటు శాసనాన్ని 1685లో పద్నాలుగవ లూయీ రద్దు చేసిన పిమ్మట స్వదేశాన్ని విడిచి లండను చేరుకున్నాడు. 1697లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. న్యూటన్, హేలీ వంటి వారి మైత్రి లభించినప్పటికీ ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్య పదవి మాత్రం లభించలేదు. ఇళ్ళకు వెళ్ళి గణితం బోధిస్తూ, కాఫీ హౌసులలో జూదరులకు లెక్కలు కట్టి ఇస్తూ జీవనం సాగించాడు.

సంభావ్యతపై కృషి

ఈయన ముఖ్య గ్రంథం డాక్ట్రిన్ ఆఫ్ ఛాన్సెస్ 1718లో వెలువడింది. 1738 నాటి రెండవ ముద్రణలో స్వతంత్ర, అస్వతంత్ర ఘటనల భేదాన్ని పేకముక్కలతో వివరించాడు. పదమూడేసి ముక్కలున్న రెండు కుప్పల నుండి ఒక్కొక్క ముక్క తీసినపుడు రెండూ ఆసులే అయ్యే సంభావ్యత 1/13 × 1/13, అనగా 1/169. ఒకే కుప్ప నుండి మొదట ఆసును, తరువాత రెండును తీయాలంటే, అప్పటికి మిగిలేవి 12 ముక్కలే కనుక, సంభావ్యత 1/13 × 1/12, అనగా 1/156. తీసిన ఆసును తిరిగి కుప్పలో కలిపినచో ఇది మరల 1/169 అవుతుంది.

1733లో ద్విపద విభాజనాన్ని ఉజ్జాయింపుగా గణించే పద్ధతిని కనుగొన్నాడు. నేటి సాంఖ్యకశాస్త్రంలోని సామాన్య వక్రానికి ఇదే మూలం.

మరణం

87వ ఏట లండనులో మరణించాడు. ఆ గ్రంథం మూడవ ముద్రణ మరణానంతరం 1756లో వెలువడింది.