మెలి లెక్క తేల్చిన విట్‌వర్త్

కాలేజీ సంచికలో తుపాకి గొట్టం గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. ఆ గొట్టం వెనుక కొలతనే నమ్ముకొని బతికిన ఒక మనిషి ఉన్నాడు. ఆయనే సర్ జోసఫ్ విట్‌వర్త్.

ఆయన 1803లో ఇంగ్లండులోని స్టాక్‌పోర్టులో జన్మించాడు. తండ్రి బడిపంతులు. పద్నాలుగో ఏటనే నూలుమిల్లులో పనికి కుదిరి, అక్కడి యంత్రాల మీద మనసు పారేసుకున్నాడు. లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో పనితనం నేర్చి, 1833లో మాంచెస్టర్‌లో సొంత కార్ఖానా పెట్టాడు. ఆ రోజుల్లో ఒకరు చేసిన బోల్టుకు మరొకరి నట్టు పట్టేది కాదు. 1841లో ఆయన మరలన్నిటికీ 55 డిగ్రీల కోణం, ఒకే వరుస కొలతలు ప్రతిపాదించాడు. మా ఊళ్ళో పాత ఆయిలింజను విప్పే మెకానిక్కు విట్‌వర్త్ మర అంటుంటే చిన్నప్పటినుంచీ విన్నాను. అది ఒక మనిషి పేరని డిగ్రీలో చేరాకే తెలిసింది.

1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను యంత్రాలతో చేసే విషయంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన సాయం కోరింది. మనం 1857 తిరుగుబాటు పాఠంలో చదువుకున్న కొవ్వు తూటాల తుపాకి ఇదే. ముందు గొట్టం సంగతి తేలాలన్నాడాయన. తన ఇంటి ఆవరణలో 500 గజాల పొడవున షెడ్డు వేయించి, 1855లో పరీక్షలు మొదలుపెట్టాడు.

గొట్టం లోపలి మెలిగాడులు తూటాను గిరగిరా తిప్పుతాయి. పొట్టి బొంగరం కాస్త తిప్పినా నిలుస్తుంది. సన్నగా పొడుగ్గా ఉన్నది జోరు చాలకపోతే తూలిపోతుంది. తూటా కూడా అంతే. గుండ్రని గుండుకు కొద్ది మెలి చాలు. పొడవు తూటా గాలిని తేలిగ్గా చీల్చుకుపోతుంది గాని, గాలి దాని ముక్కును పక్కకు తోస్తుంది. మెలి చాలకపోతే పల్టీ కొడుతుంది.

ఎన్‌ఫీల్డ్ గొట్టం 0.577 అంగుళాలు, మెలి 78 అంగుళాలకు ఒక చుట్టు. గొట్టమే 39 అంగుళాలు గనుక తూటా తిరిగేది అరచుట్టే! విట్‌వర్త్ తూటా బరువు తగ్గించకుండా గొట్టాన్ని 0.451కి సన్నం చేశాడు. దాంతో తూటా పొడవైంది. రకరకాల మెలులు పరీక్షించి 20 అంగుళాలకు ఒక చుట్టు ఖాయం చేశాడు. తూటా జారకుండా గొట్టాన్ని ఆరు పలకలుగా తొలిచాడు. 1857లో హైత్‌లో జరిగిన పోటీలో 800 గజాల దూరాన ఎన్‌ఫీల్డ్ సగటున నాలుగడుగులు తప్పితే, ఆయనది ఒక్క అడుగే తప్పింది.

అయినా సైన్యం దాన్ని తీసుకోలేదు. గొట్టానికి మసి త్వరగా పట్టేది, ఖరీదూ ఎక్కువే. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గురిగాళ్ళ చేతుల్లో అది ఎందరి ప్రాణాలో తీసింది. ఆ మాట దాచి ఆయనను పొగడడం నాకు చేతకాదు.

1879లో గ్రీన్‌హిల్ అనే గణితాచార్యుడు దీనికి సూత్రం కట్టాడు. సీసపు తూటా పొడవు దాని వ్యాసానికి ఎన్ని రెట్లో చూసి, 150ని ఆ సంఖ్యతో భాగించాలి. మూడు రెట్లయితే 50 వ్యాసాలకు ఒక చుట్టు. విట్‌వర్త్ గొట్టానికి అది సుమారు 22½ అంగుళాలు. సూత్రం పుట్టకముందే ఆయన పరీక్షలతో దాని దాపుకు చేరాడన్నమాట! 1980లలో అమెరికా సైన్యం ఎం-16కు పొడవాటి తూటాలు తెచ్చినప్పుడు కూడా 12 అంగుళాల మెలిని 7కు మార్చుకోక తప్పలేదు. మా నాన్న వేరుశనగకు పెట్టిన సాలెడం కందికి పెట్టడు. విత్తును బట్టి సాలు, తూటాను బట్టి మెలి.

1868లో ఆయన పనివాళ్ళ బిడ్డలూ ఇంజనీరింగ్ చదవాలని స్కాలర్‌షిప్పులు నెలకొల్పాడు. 1887లో మాంటెకార్లోలో కన్నుమూశాడు. ఆ స్కాలర్‌షిప్పులు నేటికీ ఇస్తున్నారు. తుపాకి పాతబడింది, మరలు మారాయి. చదివించే చెయ్యి మాత్రం ఇంకా చాచే ఉంది. చేలో నుంచి లాబొరేటరీకి వచ్చిన నాలాంటివాళ్ళకు ఆయన బతుకులో అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.