వాన పడితే గెలుపు ఆయనదే.. 'రెయిన్ మాస్టర్' కరాచియోలా కథ తెలుసా?

రేస్ ట్రాక్ మీద వాన మొదలైందంటే మిగతా డ్రైవర్లకు గుండె దడ. రుడాల్ఫ్ కరాచియోలాకు మాత్రం అదే చాన్స్! 1920, 30ల్లో మెర్సిడెస్ కార్లతో యూరప్‌ను ఊపేసిన ఈ జర్మన్ డ్రైవర్‌ని అక్కడి జనం 'రెగెన్‌మైస్టర్' అని పిలుచుకున్నారు. అంటే వానకి మాస్టర్ అన్నమాట. అప్పటి రేసు కార్లలో ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు. టైర్లు చూస్తే సన్నగా ఉండేవి. ఇంజిన్ బలమంతా వెనక చక్రాలకే. అలాంటి బండిని తడి రోడ్డు మీద ఆయన ఎలా అదుపులో పెట్టేవారు?

కరాచియోలా 1901 జనవరి 30న రైన్ నది ఒడ్డున ఉన్న రెమాగెన్‌లో పుట్టారు. ఇంట్లోవాళ్లది హోటల్ వ్యాపారం. ఆయన మనసు మాత్రం కార్ల మీదే. ఆహెన్ ఊళ్లో ఫాఫ్నిర్ ఫ్యాక్టరీలో పనికి చేరారు. అక్కడ మకాం వేసిన విదేశీ సైన్యంలోని ఒకరితో గొడవపడి ఊరే వదిలేయాల్సి వచ్చింది. 1923లో డైమ్లర్ కంపెనీకి డ్రెస్డెన్‌లో సేల్స్‌మన్ అయ్యారు. వారమంతా కార్లు అమ్మడం, వీలు దొరికితే రేసులు. అదీ అప్పటి జీవితం.

1926 జులై 11. బెర్లిన్ దగ్గర ఆవుస్ ట్రాక్‌పై తొలి జర్మన్ గ్రాండ్ ప్రి. కంపెనీ దృష్టి స్పెయిన్ రేసు మీద ఉంది. దాంతో కరాచియోలా స్వయంగా వెళ్లి కారు అడిగారు. కంపెనీ ఆయనకీ, అడాల్ఫ్ రోజెన్‌బెర్గర్‌కీ చెరో కారు ఇచ్చింది. కండిషన్ ఒక్కటే.. కంపెనీ టీమ్‌గా కాకుండా సొంతంగా పోటీ చేయాలి.

జెండా ఊపగానే కరాచియోలా ఇంజిన్ ఆగిపోయింది! పక్కనున్న మెకానిక్ ఓయిగెన్ సాల్జర్ కిందికి దూకి బండిని తోశారు. కారు కదిలేసరికి మిగతావాళ్లంతా వెళ్లిపోయారు. నిమిషానికి పైగానే పోయింది. ఇక అయిపోయిందనుకున్న టైమ్‌లో వాన దంచికొట్టింది. రోజెన్‌బెర్గర్ ఒక మలుపులో ముందున్న నెమ్మదైన కారును దాటబోయి పట్టు తప్పారు. ఆ కారు టైమ్ చూసేవాళ్ల గదిని ఢీకొట్టింది. లోపలున్న ముగ్గురూ చనిపోయారు. కరాచియోలా మాత్రం ఆ వానలో రోడ్డు కనిపించీ కనిపించకపోయినా నడుపుతూనే పోయారు. తాను ఏ స్థానంలో ఉన్నదీ ఆయనకే తెలీదు. ఫినిష్ అయ్యాక జనం చుట్టుముడితే గానీ గెలిచానని అర్థం కాలేదు. 17 వేల మార్కుల ప్రైజ్ మనీ వచ్చింది. దాంతో బెర్లిన్‌లో మెర్సిడెస్ షోరూమ్ పెట్టి, షార్లోటెను పెళ్లి చేసుకున్నారు.

ఇంతకీ సీక్రెట్ ఏంటంటే.. కాలు. రియర్ వీల్ డ్రైవ్ కారులో వెనక చక్రాలకు రెండు పనులు. బండిని ముందుకు తోయాలి, మలుపులో పక్కకి జారకుండా పట్టుకోవాలి. టైరుకి ఉన్న పట్టు ఒక్కటే, దాన్నే రెండు పనులకీ పంచుకోవాలి. వానలో ఆ పట్టు బాగా తగ్గిపోతుంది. అప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, పక్కకి పట్టే శక్తి పోతుంది, తోక బయటికి వచ్చేస్తుంది. కంగారుపడి ఠక్కున కాలు తీసినా ప్రమాదమే. బరువంతా ముందుకి వెళ్లి, వెనక భాగం తేలికై ఇంకా జారుతుంది. అందుకే మలుపుకి ముందే స్పీడ్ తగ్గించుకోవాలి. స్టీరింగ్ నిటారుగా వచ్చేకొద్దీ మెల్లగా పవర్ పెంచాలి. కరాచియోలా డ్రైవింగ్‌కి పేరు తెచ్చింది ఈ మెత్తదనమే. బండితో కొట్లాడేవారు కాదు. చూసేవాళ్లకి అసలు స్పీడ్‌గా పోతున్నట్టే అనిపించేది కాదట.

ఆయన నడిపిన ఎస్‌ఎస్‌కే సంగతి ఇంకా కష్టం. 7 లీటర్ల ఇంజిన్. యాక్సిలరేటర్ పూర్తిగా చివరిదాకా తొక్కితేనే సూపర్‌ఛార్జర్ పనిచేస్తుంది, ఒక్కసారిగా పవర్ వచ్చిపడుతుంది. తడి రోడ్డు మీద ఆ చివరి అంగుళం ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు ఆగాలో తెలియాలి. 1929లో ఐర్లాండ్‌లోని ఆర్డ్స్ రోడ్లపై జరిగిన టూరిస్ట్ ట్రోఫీలో ఆయనకి అది తెలుసని అందరూ చూశారు. చిన్న కార్లకి ముందే ల్యాప్‌లు కలిపి ఇచ్చే రేసు అది. పైగా వాన. అయినా అంత పెద్ద మెర్సిడెస్‌తో గెలిచారు. 1931లో ఇటలీ వాళ్ల మిల్లె మిలియాను ఇటాలియన్ కాని డ్రైవర్ గెలవడం అదే మొదటిసారి. ఆ డ్రైవర్ కూడా ఈయనే.

మళ్లీ నడుపుతారా అనుకుంటే..

1933 ఏప్రిల్‌లో మొనాకో ప్రాక్టీస్‌లో బ్రేకులు దెబ్బతీశాయి. కారు గోడకి కొట్టుకుంది. కుడి తొడ ఎముక ముక్కలైంది. నెలల తరబడి కట్టులోనే ఉన్నారు. ఆ కాలు దాదాపు 5 సెంటీమీటర్లు పొట్టిదైపోయింది. అది మానకముందే 1934 ఫిబ్రవరిలో షార్లోటె మంచు చరియల కింద పడి చనిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన ఇల్లు కదల్లేదు.

నొప్పితోనే మళ్లీ సీట్లో కూర్చున్నారు. 1935, 1937, 1938.. మూడుసార్లు యూరప్ చాంపియన్. అప్పటి మెర్సిడెస్ టీమ్‌కి హిట్లర్ ప్రభుత్వ డబ్బు అందేది, డ్రైవర్లని ప్రచారానికి వాడుకున్నారు. కరాచియోలా కూడా నాజీ మోటార్ దళంలో సభ్యుడే. ఆ మచ్చను దాచడానికి లేదు.

1936లో మొనాకోలో వానకి తోడు ట్రాక్ మీద ఆయిల్ కారింది. మొదట్లోనే చాలా కార్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. కరాచియోలా గెలిచారు. 1938లో స్విట్జర్లాండ్‌లోని బ్రెమ్‌గార్టెన్‌లో, చెట్ల మధ్య తడి రోడ్డు మీద టీమ్‌మేట్ రిచర్డ్ సీమన్ ముందుకి దూసుకెళ్లారు. ఈయన వెనకే ఉండి, అదను చూసి దాటేసి, మళ్లీ దొరకలేదు.

వాన ఎవరికీ చుట్టం కాదు. 1939 జూన్‌లో బెల్జియంలోని స్పా ట్రాక్‌పై సాక్షాత్తూ ఈ రెయిన్ మాస్టరే లా సోర్స్ మలుపులో జారిపోయారు. దిగి తోసినా లాభం లేకపోయింది. అదే రేసులో ముందున్న సీమన్ తడి రోడ్డుపై పట్టు తప్పి చెట్టుకి కొట్టుకున్నారు. కారుకి మంటలు అంటుకున్నాయి. ఆ రాత్రే ఆయన చనిపోయారు. నెల తిరక్కముందే న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో మళ్లీ వాన.. జర్మన్ గ్రాండ్ ప్రిలో కరాచియోలాకి ఆరో గెలుపు!

యుద్ధం తర్వాత అదృష్టం కలిసిరాలేదు. 1946లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ప్రాక్టీస్ చేస్తుండగా ప్రమాదం, తలకి దెబ్బ, రోజుల తరబడి స్పృహ లేదు. 1952లో బెర్న్‌లో కారు చెట్టుకి గుద్దుకుని ఈసారి ఎడమ కాలు విరిగింది. రేసులు అక్కడితో బంద్. 1959 సెప్టెంబర్ 28న 58 ఏళ్ల వయసులో జర్మనీలోని కాసెల్‌లో కన్నుమూశారు. తాను స్థిరపడిన లుగానోలోనే ఆయన్ని ఖననం చేశారు. న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో గుండ్రంగా, లోతుగా తిరిగే కాంక్రీటు మలుపు ఒకటుంది.. కరుసెల్. దానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.