ఉపాధ్యాయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్

కోయంబత్తూరు నుండి మేట్టుపాళయం దారిలో ఉత్తర దిశగా సాగితే తుడియలూరు వస్తుంది. ఒకప్పుడు అది పల్లె. 2011 నుండి కోయంబత్తూరు నగరపాలక సంస్థలో భాగం. నాయక రాజుల కాలం నుండి కొంగునాట స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పరిసరాలలో అనేకం ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగానికి ఇంగ్లీషు అన్నది అక్కడి జీవన క్రమం. తమిళ భాషను పాఠశాలల్లో తప్పనిసరి చేస్తూ 2006లో తమిళనాడు శాసనసభ చట్టం చేసిన తరువాత తెలుగు అక్షరం నేర్చుకునే అవకాశం ఇటువంటి కుటుంబాల పిల్లలకు మరింత సన్నగిల్లింది. పాఠ్యప్రణాళికలో చోటు లేని భాషకు బడిలో మిగిలే చోటు ఒక్కటే, అది గ్రంథాలయం. ఆ గ్రంథాలయం బీరువాకు తాళం వేసి ఉంటుందా, తీసి ఉంటుందా అన్నది దానిని చూసుకునే మనిషిని బట్టి ఉంటుంది.

ఆ మనిషి ఎటువంటివాడై ఉండాలి అన్న ప్రశ్నకు జీవితమంతా సమాధానం వెదికిన మహనీయుడు షియాలి రామామృత రంగనాథన్. ప్రపంచం ఆయనను గ్రంథాలయ శాస్త్రవేత్తగా ఎరుగును. అయితే ఆయన మొదట ఉపాధ్యాయుడు. ఇదే కోయంబత్తూరులోని ప్రభుత్వ కళాశాలలో కొంతకాలం గణితం బోధించిన ఉపాధ్యాయుడు.

బాల్యం, విద్య

రంగనాథన్ 1892 ఆగస్టులో నాటి తంజావూరు జిల్లాలోని షియాలిలో జన్మించారు. నేడు ఆ ఊరిని శీర్కాళి అంటున్నారు. ఆయన పేరులోని షియాలి ఊరి పేరు, రామామృత అన్నది తండ్రి పేరు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. స్వగ్రామంలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ గణితశాస్త్ర ఆచార్యుడు ఎడ్వర్డ్ రాస్ శిష్యరికం ఆయనకు లభించింది. శిష్యుని స్వయంగా ఆలోచించేలా చేసేవాడే గురువన్న నమ్మకంతో రంగనాథన్ చివరివరకు మెలిగారు. 1916లో ఎం.ఏ. పూర్తిచేసి, ఆపై సైదాపేటలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఎల్.టి. పట్టా పొందారు.

1917లో విద్యాశాఖలో చేరి మంగళూరు, కోయంబత్తూరు ప్రభుత్వ కళాశాలలలో బోధించారు. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వచ్చారు. మాటలో కొంత నత్తి ఉండేది. బోధనే వృత్తిగా ఎంచుకున్న యువకునికి అది చిన్న ఆటంకం కాదు. పట్టుదలతో దానిని క్రమంగా అధిగమించారు. గణిత చరిత్రపై వ్యాసాలు రాశారు. ఉపాధ్యాయుల వేతనాలు, గౌరవం కోసం పనిచేసే సంఘ కార్యక్రమాలలోనూ పాలుపంచుకున్నారు. అప్పటికి ఆయన మనసంతా తరగతి గదిలోనే ఉంది.

ఇష్టం లేని ఉద్యోగం

మద్రాసు విశ్వవిద్యాలయం 1923లో గ్రంథపాలకుని పదవిని ఏర్పరచింది. తొమ్మిది వందల దరఖాస్తులు వచ్చాయని చెబుతారు. వారిలో ఈ విద్యలో శిక్షణ పొందినవారు లేరు. రంగనాథన్‌కు ఉన్న అర్హత గణితంపై రాసిన పరిశోధన వ్యాసాలు మాత్రమే. ఇంటర్వ్యూకు కొద్ది రోజుల ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో గ్రంథాలయాలపై ఉన్న వ్యాసం చదివి వెళ్ళారు. పదవి ఆయననే వరించింది.

1924 జనవరిలో బాధ్యతలు స్వీకరించిన కొద్ది వారాలకే ఆయన విసిగిపోయారు. తరగతిలో విద్యార్థుల నడుమ గడిపిన మనిషికి పాఠకులు లేని పుస్తకాల గది చెరసాలలా తోచింది. తిరిగి బోధనకు పంపమని అధికారులను వేడుకున్నారు. ముందుగా ఇంగ్లండు వెళ్ళి గ్రంథాలయ విద్య అభ్యసించాలని, వచ్చాక కూడా ఇష్టం లేకపోతే గణిత బోధనకు మరలవచ్చునని ఒప్పందం కుదిరింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదువుతూ ఆయన అనేక గ్రంథాలయాలు తిరిగి చూశారు. క్రాయిడన్ గ్రంథపాలకుడు బెర్విక్ సేయర్స్ ఆయనకు మార్గదర్శి. పిల్లలు, కార్మికులు, గృహిణులు ఎవరి అవసరం కొద్దీ వారు వచ్చి పుస్తకం తీసుకుపోవడం ఆయన కంటబడింది. గ్రంథాలయం పుస్తకాల గిడ్డంగి కాదని, వయసుతో నిమిత్తం లేని పాఠశాల అని ఆయన గ్రహించారు. బోధన విడిచిపెట్టనవసరం లేదని, దానిని మరింత విశాలమైన గదిలోకి మార్చుకుంటే చాలునని తోచింది. 1925లో మద్రాసుకు తిరిగి వచ్చిన రంగనాథన్ గణిత బోధనకు మరలిపోలేదు.

గురువుల సభలో పుట్టిన సూత్రాలు

ఆ తరువాత రెండు దశాబ్దాలు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమే ఆయన లోకం. సెలవు అన్న మాట ఆయన ఎరుగరు. పాఠకులు స్వయంగా అరల వద్దకు వెళ్ళి పుస్తకం ఎంచుకునే పద్ధతిని ప్రవేశపెట్టారు. పనివేళలను పెంచారు. 1928 జనవరిలో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దానికి ఆయన ప్రాణం పోశారు. 1931లో మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండిపై పుస్తకాలు పల్లెలకు చేరడం ఆ ఉద్యమ ఫలితమే.

1928వ సంవత్సరం ఆయనకు కఠిన పరీక్ష పెట్టింది. ప్రమాదవశాత్తు భార్య రుక్మిణి మరణించారు. ఆ ఏడాది డిసెంబరులోనే చిదంబరంలో జరిగిన రాష్ట్ర విద్యా మహాసభలో ఆయన తన పంచసూత్రాలను తొలిసారి బహిరంగంగా వివరించారు. ఆ సభలో కూర్చున్నవారు గ్రంథపాలకులు కారు, ఉపాధ్యాయులు. నేడు ప్రపంచమంతటా గ్రంథాలయ విద్యార్థులు మొదటి పాఠంగా చదువుకునే సూత్రాలు బడిపంతుళ్ళ ముందు వెలువడ్డాయన్నది గుర్తుంచుకోదగిన విషయం. 1931లో అవి పుస్తక రూపం దాల్చాయి.

ఆ సూత్రాలను పాఠశాలకు అన్వయించి చూస్తే వాటి బలం తెలుస్తుంది. పుస్తకం ఉన్నది వినియోగానికే అన్నది మొదటిది. మధ్యయుగాల ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టి ఉంచేవారు. మన బడుల్లో గొలుసు లేదు, తాళం ఉంది. పుస్తకం పోతే లెక్క తానే చెప్పాలన్న భయం ఉన్న ఉపాధ్యాయుడు తాళం తీయడు. అది అతని దోషం అనలేము. వినియోగానికి కాక భద్రతకు విలువ ఇచ్చే ఏర్పాటుది ఆ దోషం. తెరిచిన అరల వల్ల కొన్ని పుస్తకాలు పోవచ్చునని, మూసిన అరల వల్ల అన్నీ పోయినట్లేనని రంగనాథన్ వాదన సారాంశం.

ప్రతి పాఠకునికి తన పుస్తకం దొరకాలన్నది రెండవది. తరగతిలో నలభైమంది ఉంటే అందరికీ పాఠ్యపుస్తకం ఒక్కటే. గ్రంథాలయంలో మాత్రం వేగంగా చదివేవానికి ఒకటి, తడబడుతూ చదివేవానికి ఒకటి, ఇంట మాట్లాడే భాష వేరైన వానికి మరొకటి ఉండాలి. తుడియలూరు వంటి చోట ఈ రెండవ సూత్రమే తెలుగు పిల్లవాని హక్కుపత్రం.

ప్రతి పుస్తకానికీ పాఠకుడు లభించాలన్నది మూడవది. పుస్తకం తనంతట తాను పిల్లవాని దగ్గరకు నడిచి రాదు. ఏ పుస్తకం ఎవరికి నచ్చుతుందో ఎరిగినవాడు మధ్యన నిలవాలి. పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది నాలుగవది. గ్రంథాలయం నిత్యం పెరిగే జీవి అన్నది అయిదవది. పదేళ్ళ క్రితం కొన్న పుస్తకాలతోనే ఆగిపోయిన బీరువా ఆ లెక్కన ప్రాణం పోయిన జీవి.

ఇద్దరూ ఒక్కరే

ఈ సూత్రాలు నెరవేరాలంటే పుస్తకాలు తెలిసిన మనిషి చాలడు, పిల్లలు తెలిసిన మనిషి కూడా చాలడు. రెండూ తెలిసినవాడు కావాలి. అందుకే రంగనాథన్ శిక్షణపై అంత పట్టు పట్టారు. 1929లో గ్రంథాలయ సంఘం తరఫున వేసవి శిక్షణ తరగతులు మొదలయ్యాయి. 1931లో విశ్వవిద్యాలయం వాటిని స్వీకరించింది. 1942లో పాఠశాల, కళాశాల గ్రంథాలయాలపై ఆయన ప్రత్యేక గ్రంథమే వెలువరించారు.

నోట్సు చెప్పి రాయించే చదువుకు గ్రంథాలయం అవసరం ఉండదు. పిల్లవాడు తానే వెదికి, చదివి, పోల్చి తెలుసుకునే చదువుకు అది లేకపోతే గడవదు. కనుక గ్రంథపాలకుడు రిజిస్టరు రాసే గుమాస్తా కాదు, బోధనలో సమాన భాగస్వామి. విదేశాలలో ఉపాధ్యాయ గ్రంథపాలకులన్న వృత్తి ఈ భావంపైనే నిలిచింది. 1952లో లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా సంఘం కూడా ఉన్నత పాఠశాలలకు శిక్షణ పొందిన గ్రంథపాలకులు కావాలని సిఫారసు చేసింది. 1999లో యునెస్కో ఆమోదించిన పాఠశాల గ్రంథాలయ ప్రకటన చెప్పినదీ ఇదే.

చట్టం, దాని అంచులు

గ్రంథాలయాలు దాతల దయపై కాక చట్టం ఆధారంగా నడవాలని రంగనాథన్ కోరిక. 1930లో కాశీలో జరిగిన అఖిలాసియా విద్యా మహాసభలో ఒక నమూనా చట్టం సమర్పించారు. ఆ ఆలోచన ఫలించడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో ఇటువంటి చట్టాలలో అది మొదటిది. అప్పటి విద్యామంత్రి టి.ఎస్. అవినాశిలింగం చెట్టియార్. ఆయన స్థాపించిన శ్రీ రామకృష్ణ మిషన్ విద్యాలయం తుడియలూరుకు ఉత్తరాన, అదే మేట్టుపాళయం దారిలో పెరియనాయకన్‌పాళయంలో ఉంది. అధ్యాపకునిగా కోయంబత్తూరులో పనిచేసిన మనిషి కల, కోయంబత్తూరు సీమలో బడి నెలకొల్పిన మంత్రి హయాంలో చట్టమైంది.

నాటి మద్రాసు రాష్ట్రంలో ఆంధ్ర జిల్లాలు కూడా ఉన్నందున ఆ చట్టం తెలుగువారికీ వర్తించింది. అప్పటికే 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి, అయ్యంకి వెంకటరమణయ్య వంటి వారి కృషితో పల్లెపల్లెనా పఠన మందిరాలు వెలసి ఉన్నాయి. 1960లో ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టం చేసుకుంది.

అయితే ఈ చట్టాలు ప్రజా గ్రంథాలయాలకు నిధులు, వ్యవస్థ కల్పించాయే గాని బడిలోని గ్రంథాలయం వాటి పరిధికి వెలుపలే ఉండిపోయింది. రంగనాథన్ విజయంలోని లోటు ఇదే. ఆయన నిర్మించిన కోలన్ వర్గీకరణ, సూచీకరణ సూత్రాలు విశ్వవిద్యాలయాలలో పాఠ్యాంశాలయ్యాయి. పట్టభద్రులు వెలువడ్డారు. వారు కళాశాలలకు, పరిశోధన సంస్థలకు వెళ్ళారు. బడులలో చాలావాటికి పదవే లేదు. శాస్త్రం ఎదిగినంతగా బడి బీరువా తెరుచుకోలేదు.

చివరి దశ

1945లో మద్రాసు విడిచిన రంగనాథన్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, 1947 నుండి ఢిల్లీ విశ్వవిద్యాలయంలోను పనిచేశారు. కొంతకాలం స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో నివసించి గ్రంథరచన సాగించారు. నిరాడంబరంగా జీవించి కూడబెట్టిన సొమ్ములో లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, రెండవ భార్య శారద పేరిట గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠానికి కారకులయ్యారు. 1957లో పద్మశ్రీ లభించింది. 1962లో బెంగుళూరులో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని ఆరంభించారు. 1965లో జాతీయ పరిశోధన ఆచార్యులయ్యారు. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో కన్నుమూశారు.

ఆయన మరణానంతరం 1973లో ఒక గ్రంథం వెలువడింది. దాని విషయం వర్గీకరణ కాదు, సూచీకరణ కాదు. నూతన విద్యకు, పాఠశాల గ్రంథాలయానికి గల సంబంధం. అర్ధ శతాబ్ది అనుభవ సారమది. ఎంత దూరం ప్రయాణించినా చివరికి ఆయన దృష్టి మొదటి మజిలీ అయిన బడి వద్దకే చేరింది.

ఏటా ఆగస్టు 12న ఆయన జయంతిని గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుతున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలలో వార్తాపత్రికలు, కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని నిర్దేశించింది. దానిని నడిపే గ్రంథపాలకుని పదవిని మాత్రం ఆ చట్టపు అనుబంధం పేర్కొనలేదు. పుస్తకాలు ఉన్నాయి, మనిషి లేడు. రంగనాథన్ 1924లో అడుగుపెట్టిన గదిలోనూ లోటు అదే. ఆ గదిలోకి వెళ్ళినవాడు ఉపాధ్యాయుడు కనుక అది గ్రంథాలయమైంది. తుడియలూరు తెలుగు పిల్లవాడు తన అమ్మ మాటను అచ్చులో చూసుకునే రోజు రావాలన్నా బడిలో అటువంటి ఉపాధ్యాయుడొకరు తాళంచెవి పట్టుకొని నిలవాలి.