మట్టిలోని మందు – యల్లాప్రగడ సుబ్బారావు

బెంగళూరు లాల్‌బాగ్‌లోనైనా, గోదావరి ఒడ్డునైనా చిటికెడు మట్టి తీసి చూస్తే అందులో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి. బాక్టీరియాలుంటాయి, వాటిలోకి చొరబడి చంపే వైరస్‌లుంటాయి, మనిషికి మందునిచ్చే జీవులూ ఉంటాయి. అలాంటి మందు ఒకటి వెలికి రావడానికి కారకుడైన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. చిన్నతనం పేదరికంలో గడిచింది. సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రాలేదు, తక్కువ స్థాయి పట్టాయే దక్కింది. 1923లో అమెరికా చేరారు.

1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. సోదరులను బలిగొన్న వ్యాధికి పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే తయారుచేసింది. పెన్సిలిన్‌కు లొంగని రోగాలు ఇంకా చాలా ఉండేవి. వాటి కోసం మట్టిని వెతకవలసిందిగా, డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డుగ్గర్‌ను నియమించారు. ఎన్నెన్నో చోట్ల మట్టి తెప్పించి పరీక్షించారు. ఎంత ఓపిక కావాలి! చివరకు మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం మట్టిలో బంగారు వన్నె గల సూక్ష్మజీవి కనిపించింది. అది ఇచ్చిన మందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందుల్లో ఇదే మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు సోకినప్పుడు వాడినవి ఈ కుటుంబపు మందులే.

1948 జూలైలో ఆరియోమైసిన్ లోకానికి వెల్లడైంది. ఖ్యాతి డుగ్గర్‌కు దక్కింది. మరుసటి నెలలోనే, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు కన్నుమూశారు. తరువాత ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు.